స్టార్ సొంతూరి టీమ్‌కు వచ్చాక, అతని మొదటి మ్యాచ్ ఎలా చూడాలి

2014 జులై 11. రాత్రి భోజనాలయ్యాక అనంతపురం సాయినగర్‌లో మా ఇంటి గేటు దబదబా బాదారు. తీసి చూస్తే సాయంత్రాలు నా దగ్గర బాస్కెట్‌బాల్ నేర్చుకునే పిల్లలు నలుగురు. "అక్కా, లెబ్రాన్ ఇంటికొస్తాండాడు!" అన్నాడు అందరికంటే చిన్నోడు, ఆయాసపడుతూ.

ఇంటికి అంటే అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు. బాస్కెట్‌బాల్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ పుట్టిన ఆక్రన్ అక్కడికి సుమారు అరవై కిలోమీటర్లు, అనంతపురం నుంచి తాడిపత్రి ఎంతో దాదాపు అంత. 2003లో అమెరికా పెద్ద లీగ్ ఎన్‌బీఏలో క్లీవ్‌లాండ్ కావలియర్స్ టీమ్‌తోనే ఆట మొదలుపెట్టాడు. 2010లో మయామీ టీమ్‌కు వెళ్లిపోతే అక్కడి జనం కొందరు అతని జెర్సీలు తగలబెట్టారు. నాలుగేళ్ల తర్వాత పాత 23 నంబరుతో మళ్లీ సొంతవాళ్ల దగ్గరికి వచ్చాడు. మా పిల్లలు అమెరికా చూడలేదు. కానీ బెంగళూరు పనికి పోయిన అన్న పండక్కి బస్సు దిగితే ఇంట్లో ఎలా ఉంటుందో వాళ్లకు బాగా తెలుసు.

మీ ఇష్టమైన ప్లేయర్ ఎవరైనా ఇలా సొంత టీమ్‌లో చేరితే, మొదటి మ్యాచ్ పదిమందితో కలిసి చూడండి. అందుకు ముందే చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది టైమ్. వార్తల్లో అక్కడి టైమే వేస్తారు. క్లీవ్‌లాండ్‌లో రాత్రి 8 గంటలంటే మనకు మరుసటి రోజు తెల్లవారుజామున 5:30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి అదే మ్యాచ్ మనకు 6:30కు. మార్చిలో మళ్లీ 5:30. తారీఖు కూడా మారుతుందని మరవకండి. లెబ్రాన్ తిరిగొచ్చాక ఆడిన మొదటి మ్యాచ్ అక్కడ అక్టోబర్ 30 గురువారం, మనకు 31 శుక్రవారం. పిల్లల అమ్మానాన్నలకు ముందురోజే చెప్పి ఒప్పించండి. మ్యాచ్ రెండున్నర గంటలు సాగుతుంది, ఎనిమిది దాటుతుంది. స్నానాలు, యూనిఫాం, పుస్తకాల సంచి అన్నీ అయ్యాకే టీవీ ముందు కూర్చోవాలి.

రెండోది కరెంటు, కేబుల్. మాకు ఆ రోజు మూడో క్వార్టర్‌లో కేబుల్ పోయింది. పది నిమిషాలు స్కోరు తెలియక పిల్లలు పడిన టెన్షన్ చెప్పలేను. అందుకే రాత్రే ఒక ఫోన్ నిండా చార్జింగ్ పెట్టి, అందులో ఎన్‌బీఏ యాప్ తెరిచి చూసుకుని పడుకోండి.

తిండికి మా ఇంట్లో ఉగ్గాని. హాఫ్ టైమ్ పదిహేను నిమిషాలే. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు రాత్రే తరిగి, పప్పుల పొడి కొట్టి పెట్టుకుంటే ఆ పదిహేను నిమిషాలు సరిపోతాయి. రెండో క్వార్టర్ అయిపోగానే తాలింపు వేసి, బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే నీళ్లు పిండేసి తాలింపులో వేసేయడమే. బొరుగులు ముందే నానబెడితే ముద్దయిపోతాయి. బజ్జీలు మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు, బండి దగ్గర తెప్పించుకోండి. నూనె దగ్గర నిలబడితే మూడో క్వార్టర్ పోతుంది.

ఇక అసలు పని, ఆట చూడటం. స్టార్ వచ్చాడంటే అందరి కళ్లూ అతని పాయింట్ల మీదే ఉంటాయి. అతను బుట్టలో వేస్తే అరుస్తారు, వేయకపోతే డీలా పడిపోతారు. అలా చూస్తే సగం ఆట కనబడదు. నేను ఒక పద్ధతి పెట్టాను. టీవీ ముందు రెండు గిన్నెలు, పక్కన దోసెడు శెనక్కాయలు. స్టార్ ఇచ్చిన పాస్‌తో ఇంకొకడు బుట్టలో వేస్తే మొదటి గిన్నెలో ఒక కాయ. స్టార్ చేతిలోంచి బాల్ అవతలి టీమ్‌కు పోతే రెండో గిన్నెలో ఒక కాయ. కాయలు వేసే పని అందరికంటే అల్లరి చేసేవాడికి ఇవ్వండి. వాడు కళ్లు తిప్పడు.

ఆ శుక్రవారం కాయలు వేసింది మా చిన్నోడే. ఆట అయ్యేసరికి రెండో గిన్నెలో ఎనిమిది కాయలు. లెబ్రాన్ చేసింది 17 పాయింట్లే. క్లీవ్‌లాండ్ ఊరంతా పండగ చేసుకుంటున్న రోజున న్యూయార్క్ నిక్స్ మీద 95-90తో ఓడిపోయారు. చిన్నోడు ఆ గిన్నె వైపు చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను గిన్నె వాడి ముందుకు జరిపి, ఒక్కో కాయ ఎప్పుడు పడిందో చెప్పమన్నాను. వాడికి అన్నీ గుర్తున్నాయి. పాస్ వస్తుందని తెలియక ఒకడు అటు తిరిగి ఉన్నాడు, ఇంకొకడు మూలకు పోకుండా మధ్యలోనే ఆగిపోయాడు. "వీళ్లు కలిసి ఆడబట్టి ఎన్నాళ్లయింది రా?" అని అడిగితే, "కొత్తగా కలిసినారు కదక్కా" అన్నాడు.

ఈ మాట మ్యాచ్‌కు ముందే పిల్లలకు చెప్పాలి. నేను చెప్పలేదు, అది నా పొరపాటే. టీమ్‌లో కైరీ ఇర్వింగ్ ముందునుంచే ఉన్నాడు, కెవిన్ లవ్ అప్పుడే వచ్చాడు, లెబ్రాన్‌తో కలిపి ముగ్గురికీ బాల్ చేతిలో ఉండటం అలవాటు. అంతకు ముందు సీజన్‌లో ఆ టీమ్ 82 మ్యాచుల్లో 33 గెలిచింది. లెబ్రాన్ తిరిగొచ్చిన సీజన్‌లో 53 గెలిచి ఫైనల్స్ దాకా వెళ్లింది. మొదటి రోజే అంతా కుదరాలనుకుంటే ఏడుపే మిగులుతుంది. పది మ్యాచులు ఆగి చూడండి, గిన్నెలు చూస్తుండగానే మారతాయి. ఇంకో సంగతి, ఆ సాయంత్రం పిల్లలను గ్రౌండ్‌కు తప్పకుండా తీసుకెళ్లండి. మేము షూటింగ్ మానేసి గంటసేపు పాస్‌లే ఆడాం. బాల్ రాకముందే ఎక్కడ నిలబడాలి అన్నదొక్కటే.

2016 జూన్ 20, సోమవారం తెల్లవారుజాము. ఫైనల్స్ ఏడో మ్యాచ్, గోల్డెన్ స్టేట్ మీద. మొదటి నాలుగు మ్యాచుల్లో మూడు ఓడి 3-1తో వెనకబడిన క్లీవ్‌లాండ్ అక్కడిదాకా వచ్చింది. అవే గిన్నెలు, కాయలు వేసేదీ చిన్నోడే, అప్పటికి నా భుజం దాటాడు. 89-89 దగ్గర స్కోరు కదలడం లేదు. గోల్డెన్ స్టేట్ ఆటగాడు ఇగుడాలా బుట్టలోకి వేసిన బాల్‌ను లెబ్రాన్ వెనక నుంచి పరిగెత్తుకొచ్చి బోర్డుకేసి కొట్టాడు. ఇంకో 53 సెకన్లు ఉన్నాయనగా కైరీ దూరం నుంచి మూడు పాయింట్లు వేశాడు. 93-89. అన్ని ఆటలూ కలిపి చూసినా క్లీవ్‌లాండ్ ఊరికి 52 ఏళ్ల తర్వాత వచ్చిన పెద్ద టైటిల్. లెబ్రాన్ నేల మీద పడి ఏడుస్తుంటే మా వరండాలో ఎవరూ మాట్లాడలేదు.

చిన్నోడు మొదటి గిన్నె ఒళ్లో పెట్టుకుని లెక్కపెట్టాడు. పదకొండు. "అక్కా, ఇవి ఎవరికీ ఇయ్యొద్దు" అని జేబులో పోసుకుని స్కూలుకు పరిగెత్తాడు.