సెగుండా అంటే మంగళవారం కాదు

కొత్త దేశంలో దిగగానే భాషంతా రాకపోయినా పర్లేదు, వారాల పేర్లు మాత్రం ముందు పట్టేయండి. అపాయింట్‌మెంట్ కాగితం మీదా, ఆఫీసు తలుపు మీదా కనిపించేవి అవే. బట్టీ పట్టే ముందు ఒక్కటి చూసుకోండి: అక్కడివాళ్లు వారాలకు గ్రహాల పేర్లు పెట్టారా, అంకెలు వేశారా?

గ్రహాలైతే మనకు సగం పని అయిపోయినట్టే. ఫ్రెంచ్ లందిలో ఉన్నది చంద్రుడు, మార్దిలో కుజుడు, మెర్‌క్రెదిలో బుధుడు. జపనీస్‌లో మంగళవారం కాయోబి. ‘కా’ అంటే నిప్పు, వాళ్లకు కుజుడు నిప్పు చుక్క. ఇంగ్లిష్ థర్స్‌డేలో గురుడి బదులు ఉరుముల దేవుడు థోర్ కూర్చున్నాడు.

ఇన్ని భాషల్లో వరుస ఒకటే ఎందుకంటే, దాని వెనక హోరల లెక్క, అంటే గంటల లెక్క ఉంది. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర ఈ వరుసలో గంటకొకరు అధిపతి. రోజులో మొదటి గంట ఎవరిదైతే రోజు వాళ్లది. 24ను 7తో భాగిస్తే 3 మిగులుతుంది కదా, రవి నుంచి మూడడుగులు లెక్కపెట్టండి: శుక్ర, బుధ, చంద్ర. ఆదివారం తర్వాత సోమవారం వచ్చేసింది.

అసలు టెన్షన్ అంకెల దగ్గరే. పోర్చుగీస్‌లో ‘సెగుండా’ అంటే రెండోది, అది సోమవారం, ఎందుకంటే లెక్క ఆదివారంతో మొదలవుతుంది. అరబిక్‌లోనూ అంతే. రష్యన్‌లో రెండోది అనే అర్థం వచ్చే ‘వ్‌తోర్నిక్’ మాత్రం మంగళవారం. స్వాహిలి వీటన్నిటినీ మించింది: లెక్క శనివారంతో మొదలు కాబట్టి బుధవారం ‘జుమతానో’, అంటే ఐదోది. మర్నాడు గురువారం ‘అల్హమీసి’, అరబిక్ నుంచి వచ్చిన ఆ మాటకూ ఐదనే అర్థం! వరసగా రెండు ఐదులు. నాకు మహా ఇష్టమైన గందరగోళం ఇది.

జర్మన్‌లో బుధుడూ లేడు, అంకే లేదు. ‘మిట్‌వోహ్’ అంటే వారం మధ్య, అంతే.

క్యాలెండర్ కొన్నాక మొదటి నిలువు వరుస ఏ వారమో చూడండి. అమెరికాలో సాధారణంగా ఆదివారం, యూరప్‌లో చాలాచోట్ల సోమవారం. అలవాటు కొద్దీ గడిని చూసి గుర్తుపెట్టుకుంటే ఒక రోజు తేడా వస్తుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు వారంతో పాటు తేదీ కూడా రాయించుకోండి.