మైదా జిగురు ఉండలు కట్టకుండా ఎలా కాచానంటే

వినాయక చవితి పందిరికి రంగు కాగితాల తోరణాలు మా వీధి కుర్రాళ్లమే చేస్తాం. చందా డబ్బులు గమ్ సీసాలకే అయిపోతున్నాయని ఈసారి మైదా జిగురు కాద్దామన్నాను. మొదటిసారి పరువు పోయింది. మరుగుతున్న నీళ్లలో మైదా ఒకేసారి గుమ్మరించేశాను, పైన ఉడికి లోపల పొడిగా మిగిలిన ఉండలే వచ్చాయి, మావాళ్లు "బోండాలు వేశావా అన్నా" అని ఒకటే నవ్వు.

అమ్మ చెప్పాక కుదిరింది: కప్పు మైదాని ముందు కప్పు చల్లనీళ్లలో దోసెల పిండిలా కలిపి, దాన్ని నాలుగు కప్పుల మరిగే నీళ్లలో సన్నగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. సన్నమంట మీద కొద్ది నిమిషాలకే తెల్లదనం తగ్గి నిగనిగలాడుతుంది, అప్పుడు దింపేయాలి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి పలచగా ఉందని టెన్షన్ పడక్కర్లేదు. బ్రష్షు కూడా కొనలేదు, కొబ్బరి పీచు చాలు.

మూడో రోజుకి పులిసి వాసనొచ్చింది, అందుకే ఇప్పుడు ఏ రోజుకారోజే కాస్తున్నాం. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు గానీ అది విషం, చిన్నపిల్లలు చేతులు పెట్టే చోట మేం వాడలేదు.

వాన తగిలితే మాత్రం ఊడిపోతుంది. పందిరి బయటి వరస తోరణాలకి సూదీ దారమే వాడాం.