చిన్న స్ట్రిప్‌లో దిగబోతున్నారా?

మొన్న ఒక ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్‌లో చిన్న విమానం దిగుతూ రన్‌వే దాటి పొలంలోకి దూసుకుపోయిందన్న వార్త వచ్చినప్పటి నుంచి బేగంపేటలో విమానం నడపడం నేర్చుకుంటున్న పిల్లలు, చిన్న స్ట్రిప్‌లో ఎలా దిగాలని టెన్షన్‌గా అడుగుతున్నారు. దాని కారణం దర్యాప్తులో తేలుతుంది. చెక్‌లిస్టు, బెల్టు, ఇంధనం మీకు తెలిసినవే. నేను మళ్లీ మళ్లీ చూసిన తప్పు ఒకటుంది: అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు వచ్చే తీరు) చెడిపోయిందని తెలిసి కూడా ఎలాగోలా దించేద్దామని చూడటం. మనుషుల్ని ముంచేది అదే.

ముందు ఎండ సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 1,750 అడుగుల ఎత్తున ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటితే ఇక్కడి గాలి 5,000 అడుగుల పైన ఉన్నంత పలచబడుతుంది. మీటర్‌లో ఎప్పటి వేగమే కనిపిస్తుంది గానీ నేల మీద విమానం ఇంకా జోరుగా పోతుంటుంది, ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. పైకి లేవడమూ మందగిస్తుంది. అందుకే గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేచి, ఇంకోసారి తిరిగి రావడం) నిర్ణయం చలికాలం కంటే ముందే తీసుకోవాలి.

తర్వాత కన్ను చేసే మోసం. బేగంపేటలోని వెడల్పాటి, 3 కిలోమీటర్ల రన్‌వేకి అలవాటు పడ్డ కంటికి సన్నటి స్ట్రిప్ చూడగానే మనం బాగా ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. తెలియకుండానే కిందికి జారిపోతారు. కంటిని కాదు, ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ని నమ్మండి.

గాలి ఎటుందో చెప్పే కంట్రోల్ టవర్ ఉండదు కాబట్టి విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) మీరే చూసుకోవాలి. దిగే వేగంలో పదో వంతు గాలి వెనక నుంచి తోసినా, దిగాక పరుగు ఐదో వంతు పెరుగుతుంది.

300 అడుగుల దగ్గర వేగం, ఎత్తు, రన్‌వేతో లైను కుదరలేదా, గో అరౌండ్. రన్‌వే మొదటి మూడో వంతులో చక్రాలు ఆనలేదా, గో అరౌండ్. గట్టిగా బౌన్స్ అయితే ముక్కు కిందికి నెట్టొద్దు, నోస్‌వీల్ విరుగుతుంది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటుంది. ఫుల్ త్రోటిల్ (ఇంజిన్‌కి పూర్తి శక్తి), కుడి రడ్డర్ (ముక్కు పక్కకు తిరగకుండా కుడికాలి పెడల్), గో అరౌండ్. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి దించే పలకలు) ఒక్కసారిగా తీసేయొద్దు, విమానం కుంగుతుంది. బ్రేకు వేశాక మాత్రం మళ్లీ లేవాలని చూడొద్దు. పశువులున్నాయేమో పైనుంచి ఒకసారి చూసుకోండి. సాయంత్రం మబ్బు కమ్ముతుంటే బయల్దేరొద్దు. కింద అమ్మానాన్నలను వీడియో తీయడానికి నిలబెట్టొద్దు, వాళ్లు చూస్తున్నారనే చాలామంది గో అరౌండ్ చెయ్యరు. ఇన్‌స్ట్రక్టర్ కోప్పడతారనీ ఆగొద్దు. అనుమానం వచ్చిందా, గో అరౌండ్.