పేస్ట్ చేస్తే తెలుగు కాస్తా ఇంగ్లీషైపోయింది: నా అనుభవం

మాఘమాసం వస్తే పాలకొల్లులో మా డీటీపీ షాపులో తలెత్తే తీరిక ఉండదు, ఒకపక్క శుభలేఖలు, ఇంకోపక్క గుడి కల్యాణం పుస్తకాలు. అలాంటి పుస్తకం కోసమే పోయినేడాది ఇన్‌డిజైన్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైల్లోంచి దాతల జాబితా కాపీ చేసి కొత్త ఫైల్లో పేస్ట్ చేస్తే, తెలుగంతా పోయి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వచ్చాయి. ఆ రాత్రే ప్రెస్సుకి పంపాలి, చాలా టెన్షన్ పడ్డాను.

హెడ్డింగులు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకా అని చూస్తే, వాటికి ఫాంటు విడిగా చేత్తో పెట్టాం. స్టైల్ అంటే ఫాంటు, సైజులాంటివన్నీ ఒక పేరు కింద పెట్టుకునే సెట్టింగు. మిగతా మ్యాటరంతా ఇన్‌డిజైన్ తనంతట తానిచ్చే బేసిక్ పారాగ్రాఫ్ స్టైల్లో ఉంది, పాత ఫైల్లో దానికి అను అనే తెలుగు ఫాంటు, కొత్తదాంట్లో మినియన్ ప్రో అనే ఇంగ్లీషు ఫాంటు. రెండు ఫైళ్లలో ఒకే పేరుతో స్టైల్ ఉంటే పేస్ట్ చేసిన చోటి స్టైలే చెల్లుతుంది. మేం వాడే పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు రూపం తొడిగినవి, అందుకే ఫాంటు మారగానే అడుగునున్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి.

పాత ఫైల్లోనే ‘దాతలు’ అని కొత్త పారాగ్రాఫ్ స్టైల్ చేశాను. బేస్డ్ ఆన్ (ఏ స్టైల్ ఆధారంగా అనేది) దగ్గర నో పారాగ్రాఫ్ స్టైల్ తప్పకుండా పెట్టండి, లేకపోతే మళ్లీ బేసిక్ వెనకాలే పోతుంది. ఫాంటు, సైజు, లీడింగ్ (లైన్ల మధ్య దూరం) అందులోనే ఇచ్చి, ఫైండ్ చేంజ్‌తో (వెతికి మార్చే ఆప్షన్) మ్యాటరంతటికీ వేసి అప్పుడు కాపీ చేస్తే, క్షీరారామలింగేశ్వరస్వామి పేరు ఒక్క ఒత్తు కూడా పోకుండా దిగింది. పేస్ట్‌కి కంట్రోల్ వీ నొక్కండి, షిఫ్ట్ కలిపితే ఫార్మాటింగ్ పోతుంది.