డెస్క్‌టాప్ అప్లికేషన్లను ఆన్‌లైన్ సేవలుగా అందించడం – 4వ పాఠం: బ్రౌజరు ముంగిట గ్వాకమోలే

గత పాఠంలో మానిటరు లేని లినక్స్ సర్వరుపై ఎక్స్‌వీఎన్‌సీని (తెరను మెమరీలోనే సృష్టించి, వీఎన్‌సీ అనే పద్ధతిలో దూరపు కంప్యూటరుకు చూపే ప్రోగ్రాము) ఒకటో డిస్‌ప్లేగా నడిపి, అందులో లిబ్రేఆఫీస్ రైటరును తెరిచి, వేరొక కంప్యూటరు నుంచి వీఎన్‌సీ వ్యూయరుతో చూశాము. ఈ పాఠంలో ఆ వ్యూయరు అవసరాన్ని తొలగిస్తాము. వాడుకరి దగ్గర బ్రౌజరు తప్ప మరేదీ లేకపోయినా రైటరు అతని ముందు తెరుచుకోవాలి. ఇందుకు అపాచీ గ్వాకమోలేను వాడుతున్నాము. నోవీఎన్‌సీ, ఎక్స్‌ప్రా వంటివి కూడా ఇదే పని చేస్తాయి, పైగా వాటిని అమర్చడం తేలిక. అయితే ఎవరు దేనిని తెరవవచ్చో నిర్ణయించే ఏర్పాటు, ఆర్‌డీపీ (విండోస్ దూరపు డెస్క్‌టాపు), ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కమాండ్ లైను) వంటి ఇతర ప్రోటోకాల్‌లను ఒకే ద్వారం గుండా పంపగల వీలు గ్వాకమోలేలో ముందే ఉన్నందున, సేవగా నడపదలచినవారికి ఇదే తగినదని నా అభిప్రాయం.

గ్వాకమోలేలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది సీ భాషలో రాసిన గ్వాక్‌డీ అనే నేపథ్య ప్రోగ్రాము. ఇది 4822 పోర్టులో వింటూ, అవతలి వైపు వీఎన్‌సీతోనో ఆర్‌డీపీతోనో మాట్లాడుతుంది. రెండవది టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వరులో నడిచే వెబ్ అప్లికేషను. లాగిన్ పేజీని చూపడం, హక్కులను సరిచూడడం, బ్రౌజరుకూ గ్వాక్‌డీకీ మధ్య సమాచారాన్ని చేరవేయడం దీని పని. బ్రౌజరుకు వీఎన్‌సీ అంటే ఏమిటో తెలియదు. దానికి చేరేది గ్వాకమోలే సొంత ప్రోటోకాల్‌లోని చిత్రలేఖన ఆదేశాలు మాత్రమే, వాటిని అది హెచ్‌టీఎమ్‌ఎల్5 కాన్వాస్‌పై గీస్తుంది. అందుచేతనే రేపు వీఎన్‌సీని తీసివేసి ఆర్‌డీపీని పెట్టినా బ్రౌజరు వైపు ఏదీ మార్చనక్కరలేదు.

గ్వాక్‌డీని మూలం నుంచి కంపైలు చేసేటప్పుడు కాన్ఫిగర్ దశ చివర కనిపించే పట్టికను తప్పక చదవండి. వీఎన్‌సీ కోసం లిబ్‌వీఎన్‌సీసర్వర్, ఆర్‌డీపీ కోసం ఫ్రీఆర్‌డీపీ లైబ్రరీల డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ఉండాలి. అవి లేకపోతే కంపైలేషను ఆగిపోదు, ఆ ప్రోటోకాల్‌ను వదిలిపెట్టి సాఫీగా ముగుస్తుంది. ఆ తరువాత అంతా సరిగానే ఉన్నట్టు కనిపిస్తూ, కనెక్షను తెరిచినప్పుడు మాత్రమే లోపం బయటపడుతుంది. పట్టికలో వీఎన్‌సీకి ఎదురుగా అవునని ఉంటేనే ముందుకు వెళ్ళండి. టామ్‌క్యాట్ విషయంలో 9వ వెర్షనును ఎంచుకోండి. 10వ వెర్షనులో జావా ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారాయి. పాత పేర్లతో రాసిన గ్వాకమోలే 1.5 వరుస వెబ్ ఫైలు అందులో నేరుగా నడవదు.

ఇక కనెక్షను నిర్వచనం. ఈటీసీ కింద గ్వాకమోలే డైరెక్టరీలో యూజర్-మ్యాపింగ్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలును సృష్టించి, అందులో ఒక వాడుకరి పేరు, పాస్‌వర్డు, ఆ వాడుకరికి చెందిన కనెక్షను రాయండి. కనెక్షనులో ప్రోటోకాల్ వీఎన్‌సీ, హోస్టు 127.0.0.1 (అంటే ఇదే యంత్రం), పోర్టు 5901. ఒకటో డిస్‌ప్లే కనుక 5900కు ఒకటి కలిపాము. వీఎన్‌సీ పాస్‌వర్డు కూడా ఇక్కడే ఉంటుంది. సాధారణ వీఎన్‌సీ ధ్రువీకరణ పాస్‌వర్డులో మొదటి 8 అక్షరాలనే లెక్కలోకి తీసుకుంటుంది. ఎంత పొడుగు పాస్‌వర్డు పెట్టినా మిగతాది అలంకారమే. కాబట్టి రక్షణ భారాన్ని దానిమీద మోపకుండా, ఎక్స్‌వీఎన్‌సీని సొంత యంత్రం నుంచి వచ్చే కనెక్షన్లను మాత్రమే అంగీకరించేలా నడపండి. 4822 పోర్టుకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది, ఎందుకంటే గ్వాక్‌డీ తనను పలకరించిన వారెవరో అడగదు. వాడుకరిని గుర్తించే బాధ్యత పూర్తిగా వెబ్ భాగానిదే. యూజర్-మ్యాపింగ్ ఫైలు అభ్యాసానికి చాలు. నిజమైన సేవకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లేదా మైఎస్‌క్యూఎల్ డేటాబేసు కావాలి.

లాగిన్ అయ్యాక కనెక్షను లోపం చూపితే, ముందుగా సొంత యంత్రాన్ని సూచించే లోకల్‌హోస్ట్ అనే పేరును అనుమానించండి. కొన్ని యంత్రాలలో ఆ పేరు ఐపీవీ6 చిరునామాగా తేలడంతో గ్వాక్‌డీ అక్కడ వింటూ ఉంటుంది, వెబ్ భాగం మాత్రం ఐపీవీ4లో తలుపు తడుతుంది. గ్వాక్‌డీ కాన్ఫిగరేషను ఫైలులో బైండ్ హోస్టుగా 127.0.0.1ను అంకెలలోనే రాస్తే ఈ చిక్కు తొలగుతుంది. అప్పటికీ తేలకపోతే సిస్టమ్ లాగ్‌లో గ్వాక్‌డీ రాసిన వాక్యాలు చూడండి. వీఎన్‌సీ పాస్‌వర్డు తప్పా, పోర్టు మూసి ఉందా అన్నది అక్కడ స్పష్టంగా ఉంటుంది.

ఇప్పుడు ఈ పాఠంలోని అసలు విషయానికి వద్దాము. చాలామంది ఇక్కడ పూర్తి డెస్క్‌టాపును, అంటే ప్యానెలు, మెనూలు, టెర్మినలుతో సహా, బ్రౌజరులోకి పంపి పని అయిందనుకుంటారు. వాడుకరి కోరింది రైటరు. మీరు ఇచ్చింది సర్వరు తాళంచెవులు. సెషను ప్రారంభ స్క్రిప్టులో డెస్క్‌టాపును తీసివేసి, ముందు ఓపెన్‌బాక్స్ వంటి చిన్న విండో మేనేజరును నేపథ్యంలో మొదలుపెట్టి, చివరి వరుసలో ఎగ్జెక్ ఆదేశంతో (స్క్రిప్టు స్థానంలో ఆ ప్రోగ్రామే నడిచేలా) రైటరును నడపండి. రైటరు మూసిన వెంటనే సెషను కూడా ముగుస్తుంది. విండో మేనేజరు ఎందుకు, ఉన్నది ఒక్క అప్లికేషనే కదా అనిపించవచ్చు. అది లేకపోతే సేవ్ డైలాగుకు శీర్షిక పట్టీ ఉండదు, దానిని కదపలేము, ఒక్కోసారి కీబోర్డు ఏ విండోకు వెళుతుందో కూడా తెలియదు. అయితే ఓపెన్‌బాక్స్ కుడి క్లిక్ మెనూలో టెర్మినలు ఉండవచ్చు. ఆ మెనూను ఖాళీ చేయడం మరవకండి. ఇంత చేసినా ఫైల్ డైలాగు నుంచి సర్వరు డైరెక్టరీలు కనిపిస్తూనే ఉంటాయి, కాబట్టి ఆ సెషను నడిచే లినక్స్ ఖాతాకు కనీస హక్కులే ఉండాలి.

అక్షరాలు సర్వరులోనే గీయబడతాయి కనుక పత్రం ఏ భాషలో ఉంటే ఆ భాష ఫాంట్లు సర్వరులో ఉండాలి; వాడుకరి కంప్యూటరులో ఉండి ప్రయోజనం లేదు. టైపింగు మాత్రం దీనికి భిన్నం. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ కీలను కలిపి నొక్కితే వచ్చే గ్వాకమోలే మెనూలో టెక్స్ట్ ఇన్‌పుట్ పద్ధతిని ఎంచుకుంటే, వాడుకరి తన కంప్యూటరులోని ఇన్‌పుట్ పద్ధతితోనే రాయగలడు. సేవ్ చేసిన ఫైలు సర్వరు డిస్కులోనే ఉంటుంది. దానిని దించుకోవాలంటే కనెక్షనులో ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్ళను చేరవేసే పద్ధతి) పరామితులను చేర్చాలి.

అభ్యాసం: ఒకే కనెక్షనును రెండు బ్రౌజర్లలో తెరిచి చూడండి. ఇద్దరికీ ఒకే తెర, ఒకే మౌస్ గుర్తు కనిపిస్తాయి. తరువాత అదే లినక్స్ ఖాతాలో రెండవ డిస్‌ప్లేను 5902 పోర్టులో నడిపి, అందులో రైటరును తెరవండి. కొత్త విండో రెండవ తెరపై కాక మొదటి తెరపై ప్రత్యక్షమవుతుంది, ఎందుకంటే ఒకే ప్రొఫైలుతో నడుస్తున్న లిబ్రేఆఫీస్ కొత్త అభ్యర్థనను కూడా తానే అందుకుంటుంది. ప్రతి వాడుకరికీ వేరు ఖాతా, వేరు సెషను ఇచ్చే ఎక్స్‌ఆర్‌డీపీని, టామ్‌క్యాట్ 8080 పోర్టును ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు వెనుక దాచి 443 (హెచ్‌టీటీపీఎస్) పోర్టు గుండా మాత్రమే సేవను అందించే పద్ధతిని 5వ పాఠంలో చేపడతాము.