కారు ఫొటోలకి చిన్న కెమెరా – 3వ పాఠం: లెన్స్ చుట్టూ ఉన్న అంకెలు

ఈసారి ఫ్లాష్ గురించి చెబుదామనుకున్నాను. కుదరదు. పోయిన పాఠంలో "దూరం జరిగి, జూమ్ చేసి తీయండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. గాజువాక నుంచి ఒకాయన, "మాస్టారూ, మీ మాట మీదే 40ఎక్స్ జూమ్ కెమెరా కొన్నాను. బండి బురదలో ముంచి తీసినట్టు వచ్చింది" అంటూ ఫొటో పంపారు. అబద్ధం కాదు. నంబరు ప్లేటు మీద అంకెలు అలుక్కుపోయాయి, ఎర్ర కారు ఇటుక రంగులోకి దిగిపోయింది. ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ, "మా సెల్లార్‌లో నాలుగడుగులు వెనక్కి వేస్తే గోడ తగులుతోంది, ఇంకెక్కడికి జరగమంటారు?" అని నిలదీశారు. ఎంత దూరమో, ఎంత జూమో చెప్పకపోవడం నాదే తప్పు.

ముందు దూరం సంగతి. స్విఫ్ట్ లాంటి బండి పొడవు నాలుగు మీటర్ల లోపే. రెండు వైపులా కాస్త ఖాళీ ఉంచి, అయిదు మీటర్ల వెడల్పు ఫ్రేములో పట్టాలనుకోండి. లెన్స్ 24 దగ్గర ఉంటే (పాత 35 ఎంఎం ఫిల్ము కెమెరా లెక్కలో మిల్లీమీటర్లు, అంకె పెరిగేకొద్దీ జూమ్ ఎక్కువ) 3.3 మీటర్ల దూరం చాలు. 70 దగ్గర దాదాపు 10 మీటర్లు, 100 దగ్గర 14 మీటర్లు కావాలి. ఇప్పుడు బండిని కొంచెం ఏటవాలుగా నిలబెట్టండి. 3.3 మీటర్ల దగ్గర నిలబడితే ముందు మూల మీకు 1.8 మీటర్లలో ఉంటుంది, వెనక మూల 4.8 మీటర్లలో ఉంటుంది. అందుకే బంపర్ బూరెలా ఉబ్బి, డిక్కీ చిక్కిపోయి కనిపిస్తుంది. పది మీటర్లకి జరిగితే ఆ రెండూ 8.5, 11.5 అవుతాయి. తేడా దాదాపు మాయం. బండి ఆకారం మార్చేది మీరు నిలబడిన చోటు. జూమ్ పని ఆ చోటు నుంచి ఫ్రేము నింపడమే. సెల్లార్‌లో పది మీటర్లు దొరకవు, బండి బయటికి తీయాల్సిందే.

అంటే మనకి కావలసింది 70 నుంచి 100 దాకా వెళ్ళే లెన్స్. అంతకుమించి ఒక్క మిల్లీమీటరు కూడా అక్కర్లేదు. ఇక నాకు ఒళ్ళు మండే విషయానికి వస్తాను: అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే ఆ "ఎక్స్".

ఎక్స్ అంటే లెన్స్ చివరి అంకెని మొదటి అంకెతో భాగిస్తే వచ్చేది, అంతే. కెమెరా ఎంత మంచిదో అది చెప్పదు. షాపులో కెమెరా చేతికిచ్చాక పెట్టె పక్కన పెట్టి, లెన్స్ అంచు చుట్టూ సన్నగా చెక్కిన అక్షరాలు చదవండి. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2 మీద 8.8-36.8, పక్కనే 1:1.8-2.8 అని ఉంటుంది. 36.8ని 8.8తో భాగిస్తే 4.2ఎక్స్. కెనాన్‌దే ఎస్ఎక్స్740 మీద 4.3-172, 1:3.3-6.9. భాగిస్తే సరిగ్గా 40ఎక్స్. షాపువాడు రెండోదాన్నే ముందుకి తోస్తాడు.

ఆ మిల్లీమీటర్లు నేను పైన చెప్పిన 24, 70, 100 లెక్కలోకి రావాలంటే హెచ్చవేత ఒకటి చేయాలి. ఎంతతో అనేది సెన్సర్‌ని బట్టి, అంటే లెన్స్ వెనక వెలుగు పట్టే పలకని బట్టి. ఒక అంగుళం సెన్సర్ (జీ7ఎక్స్‌ది) అయితే 2.7తో, 1/2.3 అంగుళం సెన్సర్ (ఎస్ఎక్స్740ది) అయితే 5.6తో. మొదటిది 24 నుంచి 100 దాకా వచ్చింది, మన పని అయిపోయింది. రెండోది 960 దాకా వెళ్తుంది. అక్కడిదాకా లాగి కారు మొత్తం పట్టించాలంటే 130 మీటర్లు వెనక్కి నడవాలి. బీచ్ రోడ్డులో మన కురుసురా జలాంతర్గామి మొత్తం పొడవే 91 మీటర్లు!

ఇంతా చేసి దానికోసం వదులుకున్నదేమిటి? సెన్సర్. ఒక అంగుళం సెన్సర్ అసలు కొలత 13.2 x 8.8 మిల్లీమీటర్లు. (అందులో అంగుళం ఎక్కడా లేదు. పాత టీవీ కెమెరా గొట్టం బయటి కొలత నుంచి అంటుకొచ్చిన పేరు.) 1/2.3 సెన్సర్ 6.2 x 4.6. వెలుగు పట్టే చోటు నాలుగో వంతు. గాజువాక ఫొటోలో బురద అక్కడిదే.

విశాఖలో ఇది ఇంకా ఎక్కువ దెబ్బ కొడుతుంది. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున్నే బండి వెనకాల సముద్రం పెట్టుకుంటే ఎండ నేరుగా లెన్స్‌లోకి కొడుతుంది, బండి నల్లని ముద్దవుతుంది. సాయంత్రం అయితే వెలుగు మన వీపు వైపు నుంచి వచ్చి బండి మీద పడుతుంది. కానీ పడమట కొండలు, భవనాలు. రుషికొండ దగ్గర చూస్తూండగానే వెలుగు జారిపోతుంది. ఆ పావుగంటకే మంచి కెమెరా. అందుకని 1: తర్వాత ఉన్న రెండో అంకె చూడండి, జూమ్ చివర లెన్స్ ఎంత తెరుచుకుంటుందో అది చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ. సోనీ మొదటి ఆర్ఎక్స్100, 2012 నాటిది, అక్కడ 4.9. జీ7ఎక్స్ మార్క్ 2 అయితే 2.8. రెండూ 100 దాకానే వెళ్తాయి, సెన్సర్ సైజూ ఒకటే, కానీ రెండోదానికి మూడు రెట్లు వెలుగు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని దాన్నే చెబుతాను. వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ) లేదని వంక పెడతారు, నాకెప్పుడూ అవసరం పడలేదు.

మెగాపిక్సెళ్ళ గురించి అడగకండి, 20 ఉంటే చాలు.

ఒక జాగ్రత్త. ఈ కెమెరాల లెన్స్ గొట్టంలా బయటికొచ్చి లోపలికెళ్తుంది. భీమిలి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల ఫొటోలు తీసి, దులపకుండా ఆపేశాను. మర్నాడు ఆన్ చేస్తే "కర్ర్" మని సగంలో ఆగిపోయింది. ఇంకోటి, ఏసీ కారులోంచి కెమెరా బయటికి తీసిన వెంటనే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. బీచ్‌కి వెళ్ళేదాకా కెమెరా డిక్కీలో ఉండనివ్వండి.

అభ్యాసం. దీనికి కెమెరా అక్కర్లేదు, అందుకే తప్పించుకోలేరు. ఖాళీ చోట బండి ఏటవాలుగా ఆపి 3.3, 10, 14 మీటర్ల దగ్గర సుద్దతో గీతలు గీయండి, టేపుతో కొలిచి, అడుగులతో కాదు. ఒక్కో గీత మీద ఒక కన్ను మూసి, చెయ్యి పూర్తిగా చాపి, స్కేలుతో మీ వైపున్న ముందు చక్రం ఎత్తు, వెనక చక్రం ఎత్తు కొలిచి రాయండి. పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. బండిని మూడు రకాల ఏటవాలుల్లో తిప్పి ఇదంతా మళ్ళీ చేస్తే తొమ్మిది అంకెలు వస్తాయి. నాకు ఆ తొమ్మిదీ కావాలి. గాజువాక మాస్టారూ, మీరు ముందు పంపండి, ఆ కెమెరా వాపసు తీసుకుంటారేమో కూడా అడిగి చూడండి.