512 ఎంబీ ర్యామ్, 4 జీబీ డిస్కు: బుల్లి ల్యాప్‌టాప్‌లో లినక్స్‌ను సన్నగా సర్దడం ఎలా?

2007లో ఆసుస్ కంపెనీ ఈ-పీసీ 701 అని ఒక బుల్లి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఏడంగుళాల తెర, కిలోకి లోపే బరువు, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ డిస్కు. ఆ డిస్కు మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి విప్పి పెద్దది వేద్దామంటే కుదరదు. మీ అటక మీద ఇలాంటిది ఉంటే పారేయకండి. రాసుకోవడానికి, పాటలు వినడానికి, ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌ను కమాండ్లతో నడిపే పద్ధతి) ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్లడానికి హాయిగా పనికొస్తుంది. యూట్యూబ్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

లినక్స్ అంటే విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అందులో రకాలు చాలా. పాతిక ఎంబీకి అటూ ఇటూగా ఇమిడిపోయే టైనీ కోర్ లాంటి లినక్స్‌లు ఉన్నాయి. అయినా నేను డెబియన్ 12 అనే లినక్స్ వైపే మొగ్గుతాను. ఏది కావాలన్నా అందులో దొరుకుతుంది, నేర్చుకున్నది వేరేచోట కూడా అక్కరకొస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి ఈ పాత ప్రాసెసర్‌కు కావలసిన 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. అందుకని 12లోని ఐ386 (అంటే 32 బిట్) నెట్‌ఇన్‌స్ట్ ఫైలే (మిగతాది నెట్ నుంచి తెచ్చుకునే చిన్న ఇన్‌స్టాలర్) దించుకుని పెన్‌డ్రైవ్‌కు ఎక్కించండి.

ఎక్కించేటప్పుడే సగం పని

ల్యాన్ కేబుల్ తగిలించి, మెషీన్ ఆన్ అవుతుండగా ఎస్కేప్ కీ నొక్కితే దేని నుంచి బూట్ అవ్వాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. డిస్కు పంచే దగ్గర మాన్యువల్‌కి వెళ్లి, మొత్తం స్థలాన్ని ఒకే ఎక్స్‌ట్4 (లినక్స్ డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి) భాగంగా ఇవ్వండి. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) వద్దు. ఇన్‌స్టాలర్ గొణుగుతుంది, పట్టించుకోకుండా ముందుకు సాగండి. దాని పాత రూపం ఎక్స్‌ట్2 అయితే డిస్కు మీద రాతలు తగ్గుతాయని కొందరంటారు. కానీ మధ్యలో కరెంటు పోతే అందులో ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఎక్కువ. బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో తెలియని పాత మెషీన్‌లో నేనైతే ఆ సాహసం చేయను.

చివర్లో ఏమేం సాఫ్ట్‌వేర్ కావాలో ఎంచుకోమని ఒక జాబితా వస్తుంది. అసలు కథంతా ఇక్కడే ఉంది. డెస్క్‌టాప్, గ్నోమ్ (బరువైన డెస్క్‌టాప్ రకం) ముందే టిక్ పెట్టి ఉంటాయి. స్పేస్ కీతో ఆ రెండూ తీసేయండి. ‘స్టాండర్డ్ సిస్టమ్ యుటిలిటీస్’ కూడా తీసేయండి. పేరు చూసి భయపడక్కర్లేదు, అది లేకపోయినా సిస్టమ్ లేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఒక్కటి ఎంచుకుంటే చాలు. బరువంతా ఎక్కించి తర్వాత దించుకోవడం కన్నా ఎక్కించకపోవడమే తేలిక. గ్నోమ్ వేసి పీకిన డెబియన్, అసలు వేయని డెబియన్ అంత శుభ్రంగా ఎప్పటికీ ఉండదు.

మొదటిసారి లాగిన్ అయ్యాక

వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయకముందే ఆప్ట్ (ప్యాకేజీలను, అంటే సాఫ్ట్‌వేర్‌ను దించి ఎక్కించే కమాండ్) సెట్టింగుల్లో ‘ఇన్‌స్టాల్ రికమెండ్స్’ను ఫాల్స్ చేయండి. లేకపోతే మీరు అడిగిన ఒక్క ప్యాకేజీ వెంట పెళ్లివారిలా ఇంకో పది దిగుతాయి.

తర్వాత కోసే ముందు కొలవండి. డెబియన్ గుడీస్ ప్యాకేజీలో ‘డిపిగ్స్’ అని ఒక కమాండ్ ఉంది. డిస్కు మేసేస్తున్న పందులు ఏవో పెద్దదాన్నుంచి వరసగా చూపిస్తుంది. పైన కనిపించేది దాదాపు ఎప్పుడూ కెర్నెలే (సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది), రెండు వందల ఎంబీ పైమాటే. వాడుతున్న కెర్నెల్ జోలికి పోవద్దు. అప్‌డేట్ల తర్వాత మిగిలిపోయిన పాతవి మాత్రం తీసేయవచ్చు.

అక్కర్లేనిది కనిపిస్తే రిమూవ్ కాకుండా పర్జ్ వాడండి, సెట్టింగుల ఫైళ్లతో సహా పోతుంది. అయితే ముందు అదే కమాండ్‌కు మైనస్ ఎస్ తగిలించి చూడండి. నిజంగా తీయకుండా, ఏమేం పోతాయో జాబితా మాత్రం ఇస్తుంది. ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను. ఒకసారి నెట్ కనెక్షన్లు చూసే నెట్‌వర్క్ మేనేజర్ ఎందుకులే అని పర్జ్ చేసి, వెంటనే ఆటోరిమూవ్ (ఇక అక్కర్లేదనుకున్న తోడు ప్యాకేజీలను తీసేసే కమాండ్) కొట్టి, జాబితా చదవకుండానే వై నొక్కాను. దాంతోపాటే డబ్ల్యూపీఏ సప్లికెంట్ కూడా పోయింది. వైఫై పాస్‌వర్డు సంగతి చూసేది అదే. నెట్ లేనిదే దాన్ని తెచ్చుకోలేను, అది లేనిదే నెట్ రాదు. ల్యాన్ కేబుల్ కోసం రాత్రి పదకొండింటికి ఇల్లంతా వెతికాను.

ఇక చిల్లర. డాక్యుమెంట్లు, మాన్యువల్ పేజీలు, మనకు రాని భాషల అనువాదాలు డిస్కులోకి రాకుండా డీపీకేజీ (ఆప్ట్ కింద ప్యాకేజీలను నిజంగా ఎక్కించేది) సెట్టింగుల్లో ‘పాత్ ఎక్స్‌క్లూడ్’ వరసలు రాయవచ్చు. కాపీరైట్ ఫైళ్లను, ఇంగ్లీషు, తెలుగు ఫోల్డర్లను మాత్రం రానివ్వండి. ఇది ఇకముందు వచ్చే ప్యాకేజీలకే వర్తిస్తుంది, ఇప్పటికే ఉన్నవాటిని మీరే చెరపాలి. దించిన ప్యాకేజీ ఫైళ్లు పోవడానికి ఆప్ట్ క్లీన్ కొట్టండి.

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (మెషీన్ లేచేటప్పుడు ముందుగా ఎక్కే బూట్ ఫైలు) సెట్టింగుల్లో మాడ్యూల్స్ విలువను ‘డెప్’ అని మార్చి అప్‌డేట్ చేస్తే ఈ మెషీన్‌కు కావలసిన డ్రైవర్లే బూట్ ఫైల్లో ఉంటాయి. సైజు బాగా తగ్గుతుంది. ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి తిప్పే పెన్‌డ్రైవ్ సిస్టమ్‌లో మాత్రం ఈ పని చేయొద్దు, రెండోదాంట్లో లేవకపోవచ్చు.

ర్యామ్ సంగతి

స్వాప్ బదులు జెడ్‌ర్యామ్ టూల్స్ వేసి, ర్యామ్‌లో సగం దానికి కేటాయించండి. అది డేటాను కుదించి ర్యామ్‌లోనే పెడుతుంది కాబట్టి డిస్కు అరగదు. లాగ్‌లను (సిస్టమ్ తనలో జరిగింది రాసుకునే చిట్టా) కూడా ర్యామ్‌లోనే ఉంచేలా జర్నల్ స్టోరేజ్‌ను ‘వోలటైల్’ చేయవచ్చు. మెషీన్ ఆగితే లాగ్‌లు పోతాయి. పోనివ్వండి.

తెలుగు కనిపించాలంటే

ఉత్త నల్ల తెర కన్సోల్‌లో తెలుగు రాదు, దానికి గుణింతాలు, ఒత్తులు కూర్చడం తెలియదు. కాబట్టి తెర మీద బొమ్మలు గీసే ఎక్స్ సర్వర్, దాన్ని లేపే ఎక్స్‌ఇనిట్, విండోలు చూసుకునే ఐస్‌డబ్ల్యూఎం, లోహిత్ తెలుగు ఫాంటు వేసుకోండి. రికమెండ్స్ ఆపేశాం కదా, ఫాంటు దానంతటది రాదు. మర్చిపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి.

ఈ 800 బై 480 తెర మీద కొన్ని విండోలు పట్టక ‘ఓకే’ బటన్ కిందికి పోయి దాక్కుంటుంది. ఆల్ట్ కీ పట్టుకుని మౌస్‌తో విండోను పైకి లాగండి, బటన్ బయటకొస్తుంది.